కొన్నప్పుడు మాది, పాడైతే మాది, మానేస్తామంటే మీదా? సెట్‌టాప్ బాక్సులపై బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కేబుల్ సిగ్నల్ ఇస్తున్న మల్టీ సిస్టమ్ ఆపరేటర్లకు,
డీటీహెచ్ కంపెనీల ప్రాంతీయ అధికారులకు,
ప్రతి: రెండు జిల్లాల కలెక్టర్లకు

అయ్యా, అమ్మా,

మేం టీవీలు, సెట్‌టాప్ బాక్సులు బాగుచేసే పనివాళ్లం. మీకు చందా కట్టేవాళ్లం కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు, పడిపోయిన స్తంభాల మధ్య మళ్లీ లైన్లు లాగింది మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లే. ఆ కష్టం మాకు తెలుసు. మా గొడవ వాళ్లతో కాదు, బాక్సు పేరు చెప్పి మీరు వసూలు చేస్తున్న డబ్బుతో.

ఈ సంగతులు ముందు ఫోన్లో చెప్పాం, తర్వాత మెయిల్ పెట్టాం, ఆ తర్వాత కాయితం మీద రాసి ఏరియా ఆఫీసుల్లో ఇచ్చాం. ఫోన్లో పాట వినిపించింది, మెయిల్‌కి ‘మీ సందేశం అందింది’ అన్న యంత్రం జవాబు వచ్చింది, కాయితానికి అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

అడిగేది ఒక్కటే. ఆ డబ్బా ఎవరిది?

డబ్బా మేం కోరి తెచ్చుకున్నది కాదు

1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టాన్ని 2011లో సవరించి, దేశమంతా నాలుగు దశల్లో డిజిటల్‌కి మారాలన్నారు. విశాఖపట్నం రెండో దశలో ఉంది కాబట్టి 2013 మార్చి 31 గడువు దానికి వర్తించింది. మన పట్టణాలు మూడో దశ, పల్లెలు నాలుగో దశ. మూడో దశ గడువు 2015 డిసెంబరు 31 అన్నారు. కోర్టు కేసుల్లో సాగి సాగి చివరికి 2017 జనవరి 31కి తేలింది. పల్లెలకి 2017 మార్చి 31. అంతవరకూ కేబుల్ పిన్ను నేరుగా టీవీ వెనక గుచ్చుకుంటే బొమ్మ వచ్చేది. ఆ తర్వాత డబ్బా లేనిదే తెర నల్లబడింది. చట్టం చెప్పింది, కొన్నాం. దాంట్లో పేచీ లేదు.

2017 మార్చి 3న టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన నాణ్యతా ప్రమాణాల నిబంధనల్లో బాక్సు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. మొదటిది, పూర్తి ధర కట్టి కొనుక్కోవడం. అప్పుడు బాక్సు చందాదారుడిది, కనీసం ఏడాది గ్యారంటీ ఉండాలి, ఆ ఏడాదిలో మరమ్మతుకి పైసా తీసుకోకూడదు. రెండోది అద్దె. అప్పుడు బాక్సు మీది, దాన్ని నడిపించే పూచీ మీది, డిపాజిట్ తీసుకుంటే బాక్సు తిరిగిచ్చినప్పుడు అది వెనక్కి రావాలి. చందాదారుడితో దరఖాస్తు ఫారం నింపించి నకలు ఇవ్వాలి. ఫిర్యాదు చేస్తే దానికో నంబరు ఇవ్వాలి.

మన జిల్లాల్లో నడుస్తున్నది మూడో దారి. దానికి పేరు లేదు. చేతిరాత చీటీ మీద ‘బాక్స్ – 1500’ అని ఉంటుంది. కొన్నట్టో అద్దెకో రాయరు. ఏడాదిన్నరకి పాడైతే ‘మీ బాక్సే కదండీ, మీరే మార్పించుకోవాలి’ అంటారు. కనెక్షన్ మానేస్తామంటే ‘బాక్సు కంపెనీది, ఇచ్చేయండి’ అంటారు. ఇచ్చాక డబ్బు గురించి అడిగితే ‘అది యాక్టివేషన్ చార్జీ, తిరిగి రాదు’ అంటారు. ఒకే పదిహేను వందలు మూడు రకాలుగా మాట మారుస్తాయి, మూడుసార్లూ మీకే లాభం.

చార్జీల సంగతి కూడా చెప్పుకోవాలి. 2017 నిబంధనల్లో కొత్త కనెక్షన్ అమర్చడానికి 350 రూపాయలు, యాక్టివేషన్‌కి 100 రూపాయలు దాటకూడదని పరిమితి ఉండేది. నెలనెలా కట్టే నెట్‌వర్క్ ఫీజుకి కూడా 130 రూపాయల హద్దు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. ఇంట్లో రెండో టీవీకి అందులో 40 శాతం మించకూడదని 2020లో అన్నారు. 2024 జులైలో ట్రాయ్ ఈ పరిమితులన్నీ ఎత్తేసి మీ ఇష్టానికి వదిలేసింది. ఒక షరతు మాత్రం ఉంచింది. ఎంత తీసుకుంటారో ముందే బయటపెట్టాలి. పరిమితి ఎత్తేసిన సంగతి మీ ఏజెంట్లందరికీ తెలుసు. బయటపెట్టాలన్న సంగతి మాత్రం ఒక్కరికీ తెలియదు.

మూత తీస్తే కనిపించేది

‘బాక్సు పోయింది, ఎక్స్ఛేంజి చేయాలి, తొమ్మిది వందలు’ అని మీ మనిషి చెప్పి వెళ్లిన బాక్సులు మా బల్ల మీదికి వస్తాయి. అందులో నిజంగా పోయినవి ఎన్నో, పోనివి ఎన్నో మీరే వచ్చి చూడొచ్చు.

ఎక్కువగా పోయేది బాక్సు కాదు, అడాప్టర్. 12 వోల్టులది, ఒకటి లేదా ఒకటిన్నర ఆంపియర్లది. మన దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగదన్నుకుని వస్తుంది. అడాప్టర్‌లో కెపాసిటర్ ఉబ్బుతుంది. దాన్ని ఊరికే మల్టీమీటర్ పెట్టి కొలిస్తే 12 వోల్టులు చక్కగా చూపిస్తుంది. బాక్సుకి తగిలించి, బాక్సు ఆన్‌లో ఉండగా కొలిస్తే 9కి పడిపోతుంది. అప్పుడు బాక్సు లోగో చూపించి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. చూసేవాళ్లకి బాక్సే పోయిందనిపిస్తుంది. కొత్త అడాప్టర్ రెండు వందల లోపు దొరుకుతుంది. కెపాసిటర్ ఒక్కటే మారిస్తే సోల్డరింగ్‌తో కలిపి అందులో నాలుగో వంతు.

రెండోది సిగ్నల్. దీని లెక్క కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే జనం జేబుకి ఎక్కువ చిల్లు పడేది ఇక్కడే. డిజిటల్ కేబుల్ బాక్సు దగ్గర సిగ్నల్ 50 నుంచి 65 డీబీ మైక్రోవోల్టుల (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) మధ్య ఉంటే నిశ్చింత. 45 కిందికి దిగితే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, మాట తెగుతుంది, ఇంకా తగ్గితే ‘నో సిగ్నల్’. ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుందాం. స్తంభం మీద ట్యాప్ దగ్గర 60 ఉంది. ఇంటి దాకా ముప్పై మీటర్ల ఆర్‌జీ-6 వైరు సుమారు 6 తినేస్తుంది, 54 మిగిలింది. మేడ మీద వాటాలకి పంచడానికి నాలుగు దారుల స్ప్లిటర్ పెట్టారు, అది 8 తీసుకుంటుంది, 46 మిగిలింది. రెండు కనెక్టర్లు తుప్పు పట్టి ఉన్నాయి, ఇంకో 3 పోయింది. బాక్సు దగ్గరికి చేరింది 43. ఆ ఇంట్లో బాక్సు మార్చినా 43 రాదా? కొత్త బాక్సు కాస్త చురుకైనది అయితే ఓ వారం బొమ్మ నిలబడుతుంది, మొదటి వానకి మళ్లీ గళ్లు. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఎఫ్ కనెక్టర్, అంటే వైరు చివర బిగించే పిన్ను, ఏడాది తిరక్కుండానే పచ్చబారిపోతుంది. కనెక్టర్ ఖరీదు టీ తాగే డబ్బులు. దానికి బదులు తొమ్మిది వందల బాక్సు అంటగడుతున్నారు.

మూడోది పిడుగు. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలుల్లో కేబుల్ దారినే వచ్చి బాక్సులో సిగ్నల్ పట్టే ట్యూనర్‌ని కొట్టేస్తుంది. ప్లగ్గు పీకేసి కేబుల్ పిన్ను అలాగే ఉంచినవాళ్ల బాక్సులే ఎక్కువగా వస్తాయి. ఈ ముక్క మీరు ఒక్క చీటీ మీద అచ్చేసి ఇంటింటికీ ఇచ్చినా ఎన్నో బాక్సులు బతుకుతాయి. ఉరుము వినిపిస్తే ప్లగ్గు, పిన్ను రెండూ పీకాలి. ఇది నిజంగా బాక్సు పోవడమే, దీంట్లో మిమ్మల్ని తప్పుపట్టం. కానీ లైనుకి సరైన ఎర్తింగ్ లేనిచోట మాత్రం తప్పు మీదే. పెద్ద లైన్ల మీద యాంప్లిఫయర్లకి అదే కేబుల్లో 60 వోల్టుల కరెంటు పంపుతారు. ఇంట్లో కనెక్టర్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఎవరైనా ఫోన్ చేస్తే దాన్ని బొమ్మ ఫిర్యాదులాగా రెండు రోజులకి చూడకండి. అదే పూట మనిషిని పంపండి.

నాలుగోది సాఫ్ట్‌వేర్. మీరు రాత్రిపూట అప్‌డేట్ పంపుతారు, మధ్యలో కరెంటు పోతుంది, బాక్సు ‘లోడింగ్’ దగ్గర నిలిచిపోతుంది. లోపల వస్తువు ఒక్కటీ చెడలేదు. మళ్లీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లేస్తుంది. ఆ ఫైలు మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. మీరు పంపిన అప్‌డేట్‌కి చందాదారుడు డబ్బు కట్టడం ఏ న్యాయం?

ఇక రిమోట్. బటన్ల కింద రబ్బరు షీట్ మీద కార్బన్ అరిగిపోతుంది, అంతే. మార్కెట్లో నూటయాభైకి దొరికేదాన్ని మీ కౌంటర్లో మూడు వందలకి అమ్మడం గురించి ఎక్కువ చెప్పం.

ఎవరి మీద పడుతోంది

ఒక ఇంటి లెక్క వేద్దాం. బాక్సు 1500, అమర్చి యాక్టివేట్ చేసినందుకు 450, మూడో ఏట ఎక్స్ఛేంజి 900, ఐదేళ్లలో రెండు అడాప్టర్లకి 400, రెండు రిమోట్లకి 300. మొత్తం 3550. అరవై నెలలకి పంచితే నెలకి 59 రూపాయలు. నెలకి 300 చందా కట్టే ఇంటికి ఇది ఐదో వంతు అదనం, ఏ బిల్లులోనూ కనపడదు. ఈ లెక్కలో అంకెలు మీ ఏరియాని బట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చు, తీరు మాత్రం ఇదే.

1. వలస వెళ్లే కుటుంబాలు. మన తీరపు మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా వేటకి వెళ్తారు. లోపలి పల్లెల నుంచి హైదరాబాద్, చెన్నై కట్టడం పనులకి వెళ్తారు. ఇంటికి తాళం పడితే మూడు నాలుగు నెలలు. తాత్కాలికంగా ఆపుకుని మళ్లీ తెరిపించుకునే హక్కు నిబంధనల్లో ఉంది. 2017 నిబంధన ప్రకారం మూడు నెలల లోపు తెరిపించుకుంటే 25 రూపాయలు, దాటితే 100 రూపాయలు మించకూడదు. ఆ పరిమితి కూడా ఇప్పుడు పోయింది. మన దగ్గర ఆపుకోవచ్చన్న మాటే వాళ్లకి ఎవరూ చెప్పరు. పండక్కి ఇంటికొచ్చి బాక్సు పెడితే ‘ఈ మోడల్ ఆపేశాం, కొత్తది తీసుకోవాలి’ అంటారు. నాలుగు నెలల కింద పనిచేసిన బాక్సు అది. పైగా ఆ కుటుంబం సంక్రాంతికి ఉండేది పది రోజులు, బేరమాడే తీరిక వాళ్లకి ఉండదని మీకూ తెలుసు.

2. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు. విజయనగరంలో ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఇల్లు మారితే ఆపరేటర్ మారతాడు. రాజాం నుంచి బొబ్బిలికి మారితే కంపెనీయే మారొచ్చు. రెండూ కేబులే, రెండింటి సిగ్నలూ ఒకే రకం, అయినా బాక్సు పనిచేయదు. కారణం సిగ్నల్‌కి వేసిన తాళం. బాక్సులో ఉండే చిప్‌కో కార్డుకో ఒక కంపెనీ తాళంచెవి మాత్రమే ఉంటుంది. కొత్త ఆపరేటర్ దగ్గర అది ఇటుకరాయితో సమానం. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, పోలీసులు బదిలీ అయినప్పుడల్లా ఒక ఇటుకరాయి మూలన పడుతుంది.

3. రోజుకూలీలు. పలాస జీడిపప్పు బట్టీల్లోనో, జూట్ మిల్లులోనో పనిచేసే ఇంట్లో నెలకి 300 ఎలాగో సర్దుతారు. ఒకేసారి 900 అంటే ఆ నెల ఏదో ఒకటి ఆగాలి.

4. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు. పిల్లలు ఊరికి దూరం, చందా ఫోన్లో కడతారు. బాక్సు పోయిందంటే ముసలావిడ నమ్ముతుంది, మీ మనిషి అడిగినంతా ఇస్తుంది, రసీదు అడగదు. టోల్‌ఫ్రీ నంబరు బాక్సు కింద చీమ తల అంత అక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదుకిచ్చే డాకెట్ నంబరు అనేది ఒకటుంటుందని ఆమెకి చెప్పేవాళ్లు లేరు.

5. ఆరు నెలలు, ఏడాది ముందే కట్టినవాళ్లు. ‘ఒక నెల ఉచితం’ అని కట్టించుకుంటారు. మూడో నెలలో బాక్సు పోతే, మిగిలిన నెలల డబ్బు పోతుందన్న భయంతో ఎక్స్ఛేంజికి ఒప్పుకుంటారు.

6. మీ లోకల్ ఆపరేటర్లు కూడా ఈ జాబితాలోనే ఉన్నారు. నెట్‌వర్క్ ఫీజు పంపకంలో వాళ్లకి 45 శాతం, మీకు 55 శాతం అన్నది ట్రాయ్ నమూనా ఒప్పందం చెప్పే లెక్క. బాక్సుల అప్పు, పైనుంచి లక్ష్యాలు, కింద జనం తిట్లు. ఎక్స్ఛేంజి అంటగట్టమని పైనుంచి ఒత్తిడి ఉంటే అది ఆపాల్సింది మీరు.

మారిపోతామంటే

‘నచ్చకపోతే డిష్ పెట్టుకోండి’ అని మీ వాళ్లు అంటున్నారు. సరే, జనం అదే ఆలోచిస్తున్నారు. మా దగ్గరికొచ్చి అడిగేవాళ్లకి మేం చెబుతున్నది దాచుకోకుండా మీకూ చెబుతున్నాం.

ముందు బాక్సు బోర్లించి కింద స్టిక్కర్ ఫొటో తీసుకోమంటున్నాం. వీసీ నంబరు (మీ కంప్యూటర్లో ఆ కనెక్షన్‌ని గుర్తించే వ్యూయింగ్ కార్డు నంబరు), సీరియల్ నంబరు, కంపెనీ పేరు మూడూ అందులో ఉంటాయి. పాత చీటీలు, ఫోన్ పే రసీదులు ఒకచోట పెట్టుకోమంటున్నాం. కట్టిన నెల పూర్తయ్యే దాకా వాడుకుని, రాతపూర్వకంగా ఆపమని అడిగి, ఫిర్యాదు నంబరు రాసుకోమంటున్నాం. బాక్సు అప్పగించేటప్పుడు ‘ముట్టింది’ అని సంతకం లేనిదే ఇవ్వొద్దంటున్నాం. స్తంభం నుంచి వచ్చిన వైరు మాత్రం కోయొద్దు, చుట్టి గోడకి కట్టి ఉంచండి, రేపు మనసు మారొచ్చు అని కూడా చెబుతున్నాం.

వేరే డీటీహెచ్‌కి మారితే బాధ తీరుతుందని మేం చెప్పం. అక్కడా బాక్సు తాళం ఇంతే, ఒక కంపెనీ బాక్సు ఇంకోదానికి రాదు. కేబుల్ బాక్సు డిష్‌కి అసలే రాదు, రెండింటి ట్యూనర్లే వేరు. పైగా పెద్ద వానొస్తే డిష్ బొమ్మ కాసేపు పోతుంది, గాలికి డిష్ వేలెడు కదిలినా సిగ్నల్ జారిపోతుంది.

నెల చందా లేనిది దూరదర్శన్ ఫ్రీ డిష్. దానికి కావలసినవి 60 సెంటీమీటర్ల డిష్, దాని ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ, ఇంటి ఎత్తుని బట్టి 15 నుంచి 20 మీటర్ల ఆర్‌జీ-6 వైరు, ఎఫ్ కనెక్టర్లు, ఫ్రీ డిష్ బాక్సు. ఒక్కసారి ఖర్చు, ఆ తర్వాత ఎవరికీ కట్టేది లేదు. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. మన జిల్లాల నుంచి దిక్సూచిలో సుమారు 150 డిగ్రీలు, అంటే దక్షిణం నుంచి కాస్త తూర్పుకి, పైకి 66 డిగ్రీలు. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపు ఉండే రకం) కాబట్టి చూపుకి అంత పైకి తిరిగినట్టు కనిపించదు. అది చూసి చాలామంది ఇంకా పైకి ఎత్తేసి సిగ్నల్ పోగొట్టుకుంటారు. నిజం కూడా చెబుతున్నాం. ఇందులో తెలుగు ప్రైవేటు చానెళ్లు తక్కువ. వార్తలు, పాత సినిమాలు, సప్తగిరి చాలనుకునే ఇంటికి బాగుంటుంది. సాయంత్రం సీరియళ్లు తప్పని ఇంటికి సరిపోదు. ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకి ఐఎస్ 18112 అన్న ప్రమాణం కూడా వచ్చింది. అలాంటి టీవీలో ఫ్రీ డిష్‌కి బాక్సు అక్కర్లేదు.

ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు ఫోన్లలోకి, స్మార్ట్ టీవీల్లోకి జారుకుంటున్నాయి. మీ చందాదారుల పట్టిక మీకే బాగా తెలుసు.

మేం అడుగుతున్నవి

1. ప్రతి చందాదారుడికి ఒక్క వాక్యం రాసివ్వండి. ‘ఈ నంబరు బాక్సు మీకు అమ్మాం’ అనో, ‘అద్దెకిచ్చాం, డిపాజిట్ ఇంత’ అనో. పాత కనెక్షన్లకీ ఇవ్వండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

2. అమ్మినదైతే ఏడాది గ్యారంటీ కాయితం ఇవ్వండి. గ్యారంటీ దాటాక బయట బాగుచేయించుకున్న బాక్సుని ‘యాక్టివేట్ చెయ్యం’ అని మొండికేయకండి. స్క్రూ విప్పినంత మాత్రాన దొంగ సిగ్నల్ కాదు. తాళం వేసిన చిప్ జోలికి మేం పోం, పోయినా తెరుచుకోదని మీకు తెలుసు.

3. అద్దెకిచ్చినదైతే మరమ్మతు మీది. మానేసినవాళ్లకి బాక్సు అందిన 15 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వండి.

4. బాక్సు మార్చే ముందు సిగ్నల్ మీటర్ పెట్టి కొలవండి. బాక్సు దగ్గర ఎంత, స్తంభం దగ్గర ఎంత, అడాప్టర్ లోడు మీద (బాక్సు ఆన్‌లో ఉండగా) ఎన్ని వోల్టులు, ఈ మూడు అంకెలు చీటీ మీద రాయండి. సిగ్నల్ 45 కింద ఉంటే, అడాప్టర్ 11 వోల్టుల కింద ఉంటే బాక్సు అమ్మడానికి వీల్లేదు. మీటర్ లేని కుర్రాణ్ణి ఫిర్యాదుకి పంపకండి. మా డిమాండ్లలో మీకు అతి తక్కువ ఖర్చుతో అయ్యేది, జనానికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే.

5. చార్జీల పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ప్రతి ఆపరేటర్ ఆఫీసు గోడ మీద పెట్టండి. కొత్త బాక్సు, ఎక్స్ఛేంజి, అడాప్టర్, రిమోట్, యాక్టివేషన్, ఇల్లు మార్పు, తాత్కాలికంగా ఆపడం అన్నీ విడివిడిగా ఉండాలి.

6. ప్రతి పైసాకీ రసీదు ఇవ్వండి. చేతిరాత చీటీ రసీదు కాదు.

7. వలస వెళ్లేవాళ్లు ఒక్క ఫోన్‌తో ఆపుకునే వీలు కల్పించండి. తిరిగొస్తే అదే బాక్సు మీద తెరవండి. మోడల్ పాతదై నిజంగా పనిచేయకపోతే బదులు బాక్సు ఉచితంగా ఇవ్వండి, ఎందుకంటే మోడల్ ఆపేసింది మీరు.

8. మీ సిగ్నల్ మీదే ఏరియా మారినవాళ్లకి కొత్త బాక్సు అమ్మకండి. పాత వీసీ నంబరుని కొత్త ఆపరేటర్ పేరుకి మార్చడం మీ కంప్యూటర్లో నిమిషం పని.

9. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో నిలిచిపోయిన బాక్సులని ఉచితంగా లేపండి.

కలెక్టర్ గారలకి మనవి

కేబుల్ చట్టం ప్రకారం జిల్లాలో అధీకృత అధికారి మీరే. మీరు ఒక్కరోజు ఆపరేటర్లని, కంపెనీల ప్రతినిధులని ఒకే గదిలో కూర్చోబెట్టి, పైన మొదటి, నాలుగో, ఐదో అంశాల మీద రాతపూర్వకంగా మాట తీసుకోవాలని కోరుతున్నాం. 2025 జనవరి నుంచి లోకల్ ఆపరేటర్ల రిజిస్ట్రేషన్ హెడ్ పోస్టాఫీసు నుంచి కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌కి మారింది. మీ పరిధిలో ఎవరికి రిజిస్ట్రేషన్ ఉందో, ఎవరికి లేదో ఇప్పుడు చూడటం సులువు.

ఇంకోటి ఢిల్లీకి పంపాల్సినది. ఏ కంపెనీ సిగ్నల్ అయినా పట్టే బాక్సులు తప్పనిసరి చేయాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫారసు చేసింది. బాక్సు ఒకటే, తాళం మాత్రం చిన్న యూఎస్‌బీ పరికరం రూపంలో విడిగా. కంపెనీ మారితే ఆ చిన్నది మాత్రమే మారుతుంది. ఫోన్లో సిమ్ మార్చినట్టు. ఆ సిఫారసు ఇంకా దుకాణాల దాకా రాలేదు. జిల్లా నుంచి ఒక నివేదిక వెళ్తే, బదిలీ ఉద్యోగుల ఇళ్లలో మూలపడ్డ బాక్సులు లెక్కలోకైనా వస్తాయి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు కోరుతున్నాం. రాకపోతే రసీదులున్నవాళ్ల ఫిర్యాదులు ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్లకి వెళ్తాయి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే కమిషన్‌లో ఫీజు లేదు, గడువు రెండేళ్లు. రసీదు లేనివాళ్లవి ఫోన్ పే చెల్లింపులు, బాక్సు స్టిక్కర్ ఫొటోలతో కలిపి పెడతాం. ప్రతి ఫిర్యాదుతోపాటు మేం కొలిచిన మూడు అంకెలు కూడా ఉంటాయి: స్తంభం దగ్గర సిగ్నల్, బాక్సు దగ్గర సిగ్నల్, అడాప్టర్ వోల్టేజి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల టీవీ, సెట్‌టాప్ బాక్సు మరమ్మతు పనివాళ్లం, చందాదారులం